వేప పొట్టు వాసన, ఏటి మడుగు

మొన్న వాన వెలిసిన పొద్దున చంద్రగిరి దారిలో ఒక వేపమాను వేళ్ళతో సహా పెకలుకుని రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు మిషను రంపంతో కొమ్మలు కోస్తున్నారు. పెట్రోలు పొగను దాటుకుని పచ్చి వేప పొట్టు వాసన వచ్చి తగిలింది. ఆ వాసన ఎరిగినవాళ్ళకు దాని చేదు కూడా గుర్తుంటుంది. రంపం లాగేటప్పుడు పొట్టు పెదాల మీద పడితే ముంతెడు నీళ్ళు తాగినా పోదు, మధ్యాహ్నం సంగటి ముద్దలో కూడా ఆ చేదు తగులుతూనే ఉంటుంది. నీలగిరి పొట్టు ముక్కు తెరిపిస్తుంది. వేప పొట్టు గొంతులో కూర్చుంటుంది. పొట్టు వాసన చూసి ఏ మానో చెప్పే మనుషులు ఒకప్పుడు స్వర్ణముఖి ఏటి గట్టు పల్లెల్లో ఊరికి ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్ళు.

సంక్రాంతి దాటినాక, కయ్యల్లో పని తగ్గినాక, ఆరేడు మంది మాన్లు కొట్టడానికి జట్టు కట్టేవాళ్ళు. తిరుపతి గంగజాతర దాకా వాళ్ళ పని సాగేది. పట్టా పొలాల్లో ముసలి చింతలు, వేపలు, కాపు తగ్గిన మామిళ్ళు, గట్ల మీద కానుగలు, నల్లతుమ్మలు, ఒక్కోసారి సవుకు (సరుగుడు) తోపులు, నీలగిరి తోపులు. కొండ మాను జోలికి పోయేవాళ్ళు కాదు. ఎర్రచందనం పేరెత్తి ఎవరైనా బేరానికొస్తే మేస్త్రి కూర్చున్నచోటి నుంచి లేచిపోయేవాడు. 2002లో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) వచ్చినాక సొంత పొలంలో చాలా రకాల మాన్లు కొట్టడానికైనా అనుమతి కాయితం కావాలి. దానికి ముందు ఎక్కువ బేరాలు నోటిమాట మీదే నడిచేవి. ఆ మాట తప్పిన రైతును, తప్పిన జట్టును ఊరు చాన్నాళ్ళు గుర్తుపెట్టుకునేది.

సామాను ఎడ్లబండిలో ఒక మూలకు సరిపోయేది. గొడ్డళ్ళు రెండు రకాలు: కొమ్మలకు పలచటి అంచుది, మొద్దులు చీల్చడానికి మందపాటిది. ఇద్దరు చెరోవైపు పట్టి లాగే అయిదడుగుల రంపం ఒకటి. కోతలో దిగ్గొట్టడానికి ఇనుప చీలలు రెండు, చింతచేవతో చెక్కిన చీలలు నాలుగు. సమ్మెట, గడ్డపార, మచ్చుకత్తులు, ఆకురాయి, సీసాలో కిరసనాయిలు. వీటన్నిటికంటే జాగ్రత్తగా చూసుకునేది మోకును. తొంభై అడుగుల కొబ్బరిపీచు మోకు. దాన్ని ఎవరూ దాటకూడదు, తడిలో పారెయ్యకూడదు, నేల మీద ఈడ్చకూడదు. ఇసుక రేణువు పురిలోకి దూరితే లోపల్నుంచి కోస్తుంది, పైకి ఏమీ కనిపించదు. అందుకే పొద్దున్నే మోకును బారలు బారలుగా చేతిలోంచి పోనిస్తూ వేళ్ళతో తడిమి చూసేవాళ్ళు.

మాను చుట్టూ మూడు చుట్లు

పొలానికి పోయిన వెంటనే గొడ్డలి ఎత్తేవాళ్ళు కాదు. రైతు ఇంటి ఆడవాళ్ళు వచ్చి మొదలుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి పోయేవాళ్ళు. తర్వాత మేస్త్రి ఒక్కడే మాను చుట్టూ తిరిగేవాడు. అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. కొత్తగా జట్టులో చేరినవాడు "మామా, ఈ పక్కకే కదా వాలేది" అంటే, "యాడ వాలతాదో నువ్వు చెప్పబాక, దాన్ని చెప్పనీ" అనేవాడు.

గొడ్డలిని పిడి కొస దగ్గర రెండు వేళ్ళతో వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసేవాడు. అదే ఆయనకు గుండు నూలు. పిడి గీతకు మాను బోదె ఎంత ఒరిగిందో తేలిపోతుంది. ఇంకోవైపుకు పోయి మళ్ళీ చూడాలి, ఎందుకంటే ఒక పక్క నుంచి నిటారుగా కనిపించిన మాను ఇంకో పక్క నుంచి ఒరిగి ఉండొచ్చు. బోదె ఒక దిక్కుకు, కొమ్మల బరువు ఒక దిక్కుకు ఉన్న మాన్లు చింతల్లో ఎక్కువ. కళ్ళు బోదెను చూస్తాయి, మాను మాత్రం కొమ్మల బరువునే వింటుంది. ఏ కొమ్మ పెద్దది, ఏ పక్క ఆకు గుబురు, ఏ కొమ్మ ఎండింది, ఇవన్నీ లెక్కే.

ఎత్తు కొలిచే పద్ధతి చూడముచ్చటగా ఉండేది. చాచిన చేతిలో కంటి నుంచి పిడికిలి దాకా ఎంతో, అంత పొడుగు పుల్ల విరుచుకునేవాడు. దాన్ని పిడికిలి పైన నిలువుగా నిలబెట్టి, చేయి చాచే వెనక్కి నడిచేవాడు. పుల్ల అడుగు మాను మొదలుకు, పుల్ల కొన మాను చివరకు సరిగ్గా కలిసినచోట ఆగి మడమతో గీత గీసేవాడు. ఆ గీత నుంచి మొదలు దాకా ఎంత దూరమో మాను అంత ఎత్తు. చివరి రెమ్మ ఆ గీత దగ్గర పడుతుంది. మోకు లాగేవాళ్ళు ఆ గీతకు ఇంకో పది అడుగులు అవతల నిలబడాలి. మోకును నడుముకో మణికట్టుకో చుట్టుకుంటే ఆ రోజు వాడికి పని లేదు, ఇంటికే. మాను పక్కకు తిరిగి పడితే మోకు చుట్టుకున్న మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది.

ఆఖరి పని తప్పించుకునే దారి చదును చెయ్యడం. మాను వాలే దిక్కుకు సరిగ్గా ఎదురుగా, అంటే నేరుగా వెనక్కి, పారిపోకూడదు. మొదలు ఎగిరి వెనక్కి తన్నేది ఆ దిక్కుకే. వెనక్కి ఏటవాలుగా, కుడికొకటి ఎడమకొకటి, రెండు దారులు. వాటిలో ముళ్ళకంప, రాళ్ళు, తీగలు తీసేసి, ఒకసారి ఉత్తగా నడిచి చూసుకునేవాళ్ళు.

గాటు, కోత, పట్టు

వాలే దిక్కున ముందు గాటు గొడ్డలితో. బోదె మందంలో నాలుగో వంతు లోతు, అడుగు చదునుగా, పైన ఏటవాలుగా. నోరు తెరిచినట్టు ఉండాలి. గాటు మరీ సన్నగా ఉంటే మాను సగం వాలేసరికే నోరు మూసుకుని, పట్టు ముందే తెగిపోతుంది. ఇరవై అంగుళాల బోదెకు అయిదంగుళాల గాటు. గాటులో రెండు దెబ్బల గీతలూ ఒకచోటే కలవాలి. ఒకటి ఇంకొకదాన్ని దాటి లోపలికి పోయిందా, మాను వాలే దిక్కు మారుతుంది.

తర్వాత వెనక నుంచి రంపం. గాటు అడుగుకు రెండంగుళాల ఎత్తున మొదలుపెట్టాలి. ఆ రెండంగుళాల మెట్టు ఉంటే మొదలు వెనక్కి జారదు. ఇద్దరు రంపం పట్టినప్పుడు లాగడమే ఉంటుంది, నెట్టడం ఉండదు. ఎదుటివాడు లాగేటప్పుడు చెయ్యి వదులుగా పెట్టి రంపాన్ని వెంట పోనివ్వాలి. నెడితే రంపపు పలక వంగి బిగుసుకుంటుంది. కొత్తవాళ్ళు ఒక పూటలో డస్సిపోయేది ఇందుకే. బంక ఎక్కువున్న మానైతే పలకకు రెండు పక్కలా కిరసనాయిలు తుడిచేవాళ్ళు. రంపం నాలుగైదంగుళాలు లోపలికి పోగానే దాని వెనక చింతచేవ చీల దిగ్గొట్టాలి, మాను వెనక్కి కూర్చుని రంపాన్ని పట్టెయ్యకుండా.

గాటుకూ కోతకూ నడుమ తెగకుండా మిగిల్చే కట్టెను మేస్త్రి 'పట్టు' అనేవాడు. ఇరవై అంగుళాల మానుకు రెండంగుళాల పట్టు. వాలేటప్పుడు మానును దారిలో పెట్టేది అదొక్కటే. ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా మిగిల్చితే మాను మందం పక్కకు తిరుగుతుంది. ఎదురుగా పందిరో పశువుల కొట్టమో ఉంటే మేస్త్రి ఆ ఉపాయాన్ని కావాలని వాడేవాడు. అంగుళంలో సగం తేడాతో చెట్టును రెండు మూడడుగులు పక్కకు తిప్పడం చూసినవాళ్ళకు ఆ పని మామూలు కూలిపని అనిపించదు.

మొదట చిన్న చిటుకు. తర్వాత పైన ఆకుల్లో గాలి లేకుండానే కదలిక. అప్పుడు రంపం ఒక పిడి తీసేసి పలకను లాగేసుకోవాలి, "వాలతాంది!" అని అరుపు, ఇద్దరూ చెరో దారిన. పడినాక కూడా వెంటనే దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు. పక్క మాన్లలో విరిగి చిక్కుకున్న కొమ్మలు అప్పుడే రాలతాయి. బీడీ ఒకటి ముట్టించి అయిపోయేదాకా ఆగమనేవాడు మేస్త్రి.

మాను మోసం చేసే తీరులు

ముసలి చింతల్లో మొదలు తొర్ర పడి ఉంటుంది. గొడ్డలి వెనకతో కొట్టి చూస్తే తెలుస్తుంది. గట్టి మాను 'టక్' మంటుంది, తొర్ర మాను డోలులా మోగుతుంది. తొర్ర మానులో పట్టు మిగిల్చడానికి లోపల కట్టే ఉండదు, చుట్టూ నాలుగంగుళాల గోడ తప్ప. అలాంటిదాన్ని మొదట్లో కొయ్యరు, తొర్ర దాటిన ఎత్తున మంచె కట్టి కోస్తారు. తొర్రలో పామైనా ఉంటుంది, తేనెటీగలైనా ఉంటాయి. అందుకే గొడ్డలి పెట్టే ముందు పొగ పెట్టేవాళ్ళు.

వాలే దిక్కుకే బాగా ఒరిగి ఉన్న మాను సులువనిపిస్తుంది. నిజానికి అన్నిటికంటే చెడ్డది అదే. వెనక నుంచి కోస్తుండగానే, సగం తెగకముందే, బరువుకు బోదె నిలువునా చీలుతుంది. వెనక చెక్క మనిషి ఎత్తుకు లేచి తన్నుతుంది. నీలగిరి నిట్టనిలువుగా చీలే కట్టె కాబట్టి దాంట్లో ఇది ఎక్కువ. ఒక తోపులో ఇలాగే లేచిన చెక్క రంపం పట్టినవాడి దవడ పగలగొట్టింది. ఆ తర్వాత ఒరిగిన మాను ఏదైనా సరే, కోత చోటుకు పైన ఇనుప గొలుసు మూడు చుట్లు బిగించి, రెండు పక్కలా ముందు కాస్త కోసి, అప్పుడే వెనక్కి పోయేవాళ్ళు.

పడే మాను ఇంకో మానులో చిక్కుకుంటే ఓపిక పరీక్ష. దాని కింద నిలబడకూడదు, ఆనుకున్న మానును కొట్టకూడదు, దాని మీదికెక్కి ఊపకూడదు. మొదలు కింద గడ్డపార పెట్టి అంగుళం అంగుళంగా వెనక్కి జరపాలి, లేదంటే మోకు కట్టి ఎడ్లతో లాగించాలి. పొద్దు పోతే అలాగే వదిలేసి, అటు ఎవరూ పోకుండా కంప కొట్టి, తెల్లారి రావాలి. పొద్దు పోకముందే దించెయ్యాలన్న తొందరలోనే ఎక్కువమంది దెబ్బతిన్నారు.

తాటిమాను కథ వేరు. వెలుపల ఇనుము, లోపల పీచు. చీల దిగదు, పట్టు పనిచెయ్యదు. తాటిని మోకు నమ్ముకునే కొట్టాలి.

మొన్న రోడ్డు మీద కుర్రాళ్ళు కోస్తున్నదాంట్లో ఉన్న ప్రమాదం కూడా పాతదే. పెకలుకుని పడిన మానుకు వేళ్ళ గడ్డ బండి చక్రంలా నిలబడి ఉంటుంది. దాన్ని పడుకోబెట్టి ఉంచేది బోదె బరువే. బోదెను వేళ్ళ దగ్గరగా కోసేస్తే ఆ బరువు పోయి, వేళ్ళ గడ్డ మన్నుతో సహా గుంతలోకి తిరిగి లేచి కూర్చుంటుంది. గుంతలో దిగి నిలబడిన మనిషి అంతే. కొమ్మలన్నీ తీసినాక, వేళ్ళ దగ్గర మూడు నాలుగడుగుల బోదె వదిలి, వేళ్ళ గడ్డకు వెనక ఆనింపు పెట్టి, అప్పుడు కొయ్యాలి. పడిన బోదె రెండు చివరల ఆని నడుమ గాలిలో ఉంటే పైనుంచి కోతకు రంపం బిగుసుకుంటుంది. పైన మూడో వంతు కోసి, మిగిలింది కింద నుంచి కొయ్యాలి. ఇదంతా చెప్తే ఆ కుర్రాళ్ళు రంపం ఆపి విన్నారు. గుంతలో ఉన్నవాడు బయటికి వచ్చాడు.

మిషను రంపం మీద కోపం లేదు. పూట పనిని గంటలో చేస్తుంది. కానీ దాని కొస పైభాగం దేనికైనా తగిలితే పలక ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. రెండు చేతులూ బొటనవేళ్ళతో సహా బిగించి పట్టుకోవాలి, భుజం కంటే ఎత్తుకు ఎత్తకూడదు. గొలుసు మొద్దుబారిందో లేదో పొట్టు చెప్తుంది. పదునుంటే రేకులు రేకులుగా రాలుతుంది, లేకుంటే పిండిలా. పిండి రాలుతుంటే మనిషి బలం పెట్టి నొక్కుతాడు, దెబ్బలు తగిలేది అప్పుడే.

దుంగల లెక్క

రంపపు మిల్లులు దగ్గరికి రాకముందు పలకలు కోసేది గుంత మీద. మనిషెత్తు గుంత తవ్వి, దాని మీద దుంగ పెట్టి, పైన ఒకడు, కింద ఒకడు. నూలుదారాన్ని కావిరంగులో ముంచి దుంగ మీద బిగించి లాగి వదిలితే పొడుగునా ఎర్రగీత పడేది. కిందివాడు తలకు తుండు చుట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, పొట్టు వానలో నిలబడేవాడు.

కొలత చుట్టుకొలతతో. దుంగ నడుమ దారం చుట్టి, ఆ దారాన్ని నాలుగు మడతలు వేస్తే వచ్చిందాన్ని దానితోనే గుణించి, పొడుగుతో గుణించాలి. నలభై ఎనిమిది అంగుళాల చుట్టుకొలత, పదడుగుల దుంగ అయితే పన్నెండు పన్నెండ్లు నూటనలభై నాలుగు చదరపు అంగుళాలు, అంటే ఒక చదరపు అడుగు. పదడుగులకు పది ఘనపుటడుగులు. నిజానికి గుండ్రటి దుంగలో పన్నెండున్నర పైనే ఉంటుంది. మిగిలింది బెరడుకు, పక్క చెక్కలకు పోయేదని మిల్లువాళ్ళ లెక్క. చదువు రాని మేస్త్రి కూడా దారం నాలుగు మడతలు వేసిన వెంటనే నోటితో లెక్క చెప్పేవాడు.

అమావాస్యకు కొట్టిన కట్టెకు పురుగు పట్టదని అందరూ అనేవాళ్ళు. పురుగు తినేది చేవను కాదు, వెలుపలి తెల్లకట్టెలోని పిండిని. వేప, మామిడి దుంగల్ని చెరువు నీళ్ళలో నెలల తరబడి నానేస్తే ఆ పిండి కరిగిపోతుంది, అందుకే నానేసిన కట్టె నిలుస్తుంది. అమావాస్య కుదరకపోయినా చెరువు కుదిరేది.

సాయంత్రం ఏరు

జట్టు తోపులోనే పడుకునేది. ఏరు దగ్గరుంటే కూర కొనే పని లేదు. స్వర్ణముఖి ఏడాది పొడుగునా పారే ఏరు కాదు. అయిప్పసి (అక్టోబరు, నవంబరు), కార్తీక వానలకు పారి, సంక్రాంతికల్లా సన్నపడి, మాఘమాసానికి మడుగులు మడుగులుగా విడిపోయేది. మాను కొట్టే నెలలూ మడుగుల్లో చేప దొరికే నెలలూ ఒకటే కావడం ఆ జట్ల అదృష్టం. తాగే నీళ్ళకు ఇసుకలో మోచేతి లోతున చెలమ తోడితే చాలు, మొదటి నీళ్ళు చేత్తో చిమ్మేసి కాసేపు ఆగితే తేటగా ఊరేవి.

ఏరు వంపు తిరిగేచోట, కానుగ వేళ్ళు గట్టులోంచి బయటికి వేలాడేచోట, మడుగు లోతుగా ఉంటుంది. కొరమీను అక్కడే. అది గాలి పీల్చడానికి పైకి రావాల్సిన చేప కాబట్టి ఎంతసేపు దాక్కున్నా తప్పదు. 'బుళుక్' మని చిన్న చప్పుడు, ఒక వలయం, మళ్ళీ నిశ్శబ్దం. గట్టున నీడ పడకుండా కూర్చుని రెండు మూడుసార్లు వింటే ఏ వేరు కింద ఉందో తేలిపోతుంది. మానును చూసినట్టే మేస్త్రి మడుగును కూడా చూసేవాడు. గాలం వేసేది ఆ తర్వాతే.

ఎర కొనుక్కోనక్కర్లేదు. పుచ్చిన మామిడి మొద్దు చీల్చితే లోపల వేలంత లావు తెల్ల పురుగులు, కొబ్బరి చిప్పలో పొట్టు పోసి వాటిని దాచేవాళ్ళు. జెల్ల చేపలకు అది చాలు. పరిగె చేపలకు సంగటి పిసికి చిన్న ఉండలు, నెమలి ఈక కాడతో బెండు. కొరమీనుకు కప్పపిల్ల. వీపు చర్మానికి మాత్రమే గాలం గుచ్చితే అది ఈదుతూనే ఉంటుంది. బెండు మునగ్గానే లాగితే కప్పే బయటికి వస్తుంది. కొరమీను మొదట నోట పట్టుకుని పోతుంది, తర్వాత మింగుతుంది. పది అంకెలు లెక్కపెట్టి లాగాలి.

జెల్లను పట్టుకునేటప్పుడు వీపు ముల్లు, రెండు పక్కల ముళ్ళు నిక్కబొడుచుకుని బిగుసుకుంటాయి. తల వెనక నుంచి, పక్క ముళ్ళ సందుల్లో వేళ్ళు పోనిచ్చి పట్టుకోవాలి. గుచ్చుకుంటే చెయ్యి తాళగలిగినంత వేడినీళ్ళలో ముంచి ఉంచేవాళ్ళు, పోటు తగ్గేదాకా.

వానాకాలం మడుగులో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద ముద్దగా తిరుగుతుంటే దాని కింద తల్లి తండ్రి కొరమీన్లు కాపలా ఉంటాయి. ఆ మడుగులో మేస్త్రి గాలం వెయ్యనిచ్చేవాడు కాదు. విషపు మంగకాయ దంచి మడుగులో కలిపేవాళ్ళను, క్వారీల నుంచి తెచ్చిన మందు పేల్చేవాళ్ళను తిట్టని తిట్టు లేదు. విషంతో, మందుతో చేపలు చంపడం 1897 నాటి చట్టం నుంచే నేరం. ఆయనకు ఆ చట్టం తెలియదు. ఒకసారి మందు పేల్చిన మడుగులో వేలెడు పిల్ల కూడా మిగలదని మాత్రం తెలుసు.

కొరమీనును రాతి మీద బూడిద, కల్లుప్పు వేసి రుద్దితే జిగురు, పొలుసు పోయేవి. మట్టిదాకలో పాత చింతపండు పులుసు, ఉంటే రెండు మామిడికాయ ముక్కలు. కింద వేప కట్టె పెట్టేవాళ్ళు కాదు, పొగ ఘాటని. నల్లతుమ్మ చెక్కలే. రాత్రి సగం తిని సగం దాచేవాళ్ళు, పొద్దున సంగటిలోకి నిలవ పులుసు రుచి వేరు.

ఆ మడుగులు ఇప్పుడు లేవు. ఇసుక నీళ్ళు పట్టి ఉంచేది. ఇసుకను ట్రాక్టర్లు లారీలు మోసుకుపోయినాక అడుగు బంకమట్టి, నిటారు గుంతలు మిగిలాయి. ఆ గుంతల్లో పిల్లలు దిగితే ఎక్కిరాలేరు. 2021 నవంబరులో, రాయలచెరువు కట్ట కారి ఊళ్ళు ఖాళీ చేయించిన ఆ వానల్లో, ఏరు మళ్ళీ గట్ల మీదికొచ్చింది. వరద తీసినాక వంపు దగ్గరికి పోయి చూస్తే వేళ్ళు వేలాడే కానుగలు లేవు.

పడుకోబోయే ముందు రాత్రి గాలాలు కట్టేవాళ్ళు. ఆరడుగుల దారం, చివర గాలం, సవుకు పుల్ల మేకు, గట్టు పొడుగునా పది పన్నెండు. పొద్దున వాటిని ఒక్కటి కూడా మరిచిపోకూడదు. మిగిలిన గాలం నీళ్ళు తాగే గేదె మూతికో, పిల్లవాడి కాలికో తగులుతుంది. మేస్త్రి ఒక్కో గాలం కట్టగానే ఒక చింతగింజ పంచె కొంగులో ముడి వేసేవాడు. తెల్లారి, మంచు ఇంకా మడుగు మీద ఉండగానే, ఒక్కో గాలం తీసినప్పుడల్లా ఒక గింజ ఏట్లోకి విసిరేవాడు. కొంగులో గింజ మిగిలి ఉంటే చేపలెన్ని పడినా సరే, జట్టు మొత్తం గట్టు మీద వంగి వెతకాల్సిందే. ఆఖరి గింజ నీళ్ళలో పడినాకే గొడ్డళ్ళు భుజానికెక్కేవి.